తాళం వేసిన గదిలో మూడో పేరు

నమ్మకపోతే పోనీయండి, నేను మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. మా పాప నెత్తిన చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కంప్యూటర్ చదువుకున్నదాన్ని. ఇప్పటికీ లేదు... కానీ ఆ రాత్రి నా కళ్ళతో చూసింది చూశాను.

మాది మాచర్ల. పాత రాతి ఇల్లు, గోడలు అడుగున్నర మందం. మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, క్వారీలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఆ గోడల్ని మెచ్చుకోని రోజు లేదు ఆయనకు. పోయిన వర్షాకాలంలో ఓ మధ్యాహ్నం, వీధి గదిలో మంచం మీద పడుకున్నట్టే పోయారు.

పంతులుగారు పంచాంగం చూసి నక్షత్రం మంచిది కాదన్నారు. మూడు నెలలు ఆ గది మూసేయాలి, ఎవరూ తలుపు తీయకూడదు. మా వైపు అందరూ పాటించేదే. ఆ రోజే తాళం వేశారు. ఏడుపుల్లో, హడావుడిలో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. మా వైఫై రూటర్ ఆ గదిలోనే, ఆయన మంచం పక్క గూట్లో ఉండిపోయింది. స్విచ్ కూడా ఆపలేదు. రాత్రిళ్ళు తలుపు కింద సందులోంచి సన్నగా నీలం వెలుగు కనబడేది.

ఇంటర్నెట్ వైరు వచ్చేది కూడా ఆ గది కిటికీలోంచే. ఇంకో కనెక్షన్ పెట్టిద్దామంటే మా ఆయన, "మూణ్ణెల్లేగా, సర్దుకోరాదా" అని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

సర్దుకునే ఉద్యోగమా నాది? హైదరాబాద్ కంపెనీ, ఇంట్లో కూర్చుని పని. అంతకుముందు ఆ వీధి గదిలోనే, మామయ్య మంచానికి ఎదురుగా బల్ల వేసుకుని కూర్చునేదాన్ని. ఆయన రాత్రిళ్ళు ఫోన్‌లో పద్య నాటకాలు చూసేవారు. పొద్దున తొమ్మిదింటికి నేను బల్ల ముందుకు రాగానే ఫోన్‌లో వైఫై తీసేసి, "అమ్మాయ్, నాది ఆపేశాన్లే, నీ పని చూసుకో" అనేవారు. ఒక్క ఫోన్‌తో ఏమీ కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఆ గది మూశాక వంటింట్లోకి మారాను. మీటింగ్ మధ్యలో నా గొంతు తెగిపోయేది, తెర మీద నేను బొమ్మలా ఆగిపోయేదాన్ని. రెండుసార్లు అయ్యాక మా మేనేజర్ చెప్పేశాడు, మూడోసారి జరిగితే ఇంట్లో పని ఉండదు, హైదరాబాద్ వచ్చి ఆఫీసులో కూర్చోవాలని. మూడో తరగతి పిల్లని వదిలి ఎలా వెళ్ళను? మర్నాడు తొమ్మిదింటికే పెద్ద మీటింగ్.

రాత్రి పదకొండు. మా ఆయన లోడుతో ఒంగోలు వెళ్ళాడు. అత్తయ్య, పాప హాల్లో నిద్రపోతున్నారు. గది మూసిన రోజు నుంచి అత్తయ్య చాప వేసుకునేది సరిగ్గా ఆ తలుపు పక్కనే. నేను వంటింట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని నరసరావుపేటలో మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"రూటర్ నుంచి ఒకే పేరుతో రెండు దార్లు వస్తన్నయ్ అక్కా," అన్నాడు వాడు. "ఫైవ్ గిగాది స్పీడు, కానీ గోడ దాటలేదు. టూ పాయింట్ ఫోర్ కాస్త నిదానం, అయినా గోడ దాటుద్ది. నీ ల్యాప్‌టాప్ ఏమో స్పీడుదాన్నే పట్టుకుని ఏలాడతంది. అది మీ రాతిగోడలో సచ్చిపోతంది."

వాడు చెప్పినట్టే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ తెరిచి, ప్రిఫర్డ్ బ్యాండ్ అన్నచోట టూ పాయింట్ ఫోర్ పెట్టాను. అంతే. ఇన్నాళ్ళ తిప్పలూ ఒక్క నొక్కుతో పోయాయి. వీడియో ఆగకుండా ఆడింది. నిజంగా ఏడుపొచ్చింది.

"రూటర్ పేజీ కూడా తెరువు. ఇంకెవరన్నా వాడతన్నారేమో చూద్దాం," అన్నాడు.

తెరిచాను. మూడు పేర్లున్నాయి. నా ల్యాప్‌టాప్... నా ఫోన్... మూడోది 'మామయ్య'.

ఆ పేరు నేను పెట్టిందే, ఆయనకు ఫోన్ కొన్న రోజున. పక్కనే ఫైవ్ గిగా అని ఉంది. సిగ్నల్ నిండుగా ఉంది.

"పాత పేర్లు ఒక్కోసారి అట్టానే ఉండిపోతయ్యిలే," అన్నాడు తమ్ముడు.

"డేటా పెరుగుతోందిరా..."

అంకెలు కదులుతున్నాయి. ఆగి... మళ్ళీ కదులుతున్నాయి.

"ఫైవ్ గిగా అంత నిండుగా రావాలంటే ఆ గదిలోనే ఉండాలక్కా. లేదంటే వీధిలో, కిటికీ పక్కన. మామయ్య ఫోన్ ఏది?"

బీరువాలో. చప్పుడు కాకుండా తెరిచాను. చీరల కింద ఉంది. చల్లగా ఉంది, నొక్కినా వెలగలేదు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. టార్చ్ తీసుకుని వీధిలోకి వెళ్ళాను. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. అరుగు మీద కుక్క తలెత్తి నన్ను చూసి మళ్ళీ పడుకుంది. ఇంకెవరూ లేరు.

లోపలికొచ్చాను. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి.

"బ్లాక్ నొక్కెయ్ అక్కా. రేపు నీకు మీటింగుంది," అన్నాడు తమ్ముడు.

నొక్కాను.

పేరు పోయింది. అప్పుడు... ఆ గదిలోంచి... కిర్రుమని ఒక్క చప్పుడు. మంచం మీద నుంచి ఎవరో లేచినట్టు. ఒక్కసారే. తర్వాత ఏమీ లేదు.

మర్నాడు మీటింగ్ గంటన్నర సాగింది. ఒక్కసారి కూడా తెగలేదు. మేనేజర్ మెచ్చుకున్నాడు. ఉద్యోగం నిలబడింది. సంతోషంగా హాల్లోకి వచ్చాను. అత్తయ్య చాప చుట్టకుండా అలాగే కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి నిద్రే పట్టలేదమ్మా," అంది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమోనే. రోజూ ఆ గదిలో సన్నగా ఏందో మాట్లాడతన్నట్టు ఇనపడేది. అది ఇంటా పడుకునేదాన్ని. మీరు బయపడతారని చెప్పలా. రాత్రి మజ్జెలో ఆగిపోయిందమ్మా."

నా పని కోసం రోజూ తనంతట తనే వైఫై ఆపుకున్న మనిషి మామయ్య. నేను భయపడి ఆపేశాను. వెంటనే వెళ్ళి బ్లాక్ తీసేశాను.

మూడు నెలలయ్యాక తలుపు తీశారు. దుమ్ము, మంచం, గూట్లో రూటర్, అంతే. నా బల్ల మళ్ళీ అక్కడే వేసుకున్నాను, బ్యాండ్ కూడా ఫైవ్ గిగాకి మార్చాను. అత్తయ్య మాత్రం ఇప్పటికీ ఆ గుమ్మం దగ్గరే పడుకుంటుంది. రోజూ రాత్రి ఆమె నిద్రపోయాక నేను ఆ పేజీ తెరిచి చూస్తాను.

రెండు పేర్లే ఉంటున్నాయి.