కబాసో తీగ జారింది

కబాసో ఏ పాటనూ ఒక్క దమ్మున సాగనివ్వడు. రాగి గనుల ఊరు కిట్వేలో వాళ్ళ బ్యాండు మొదలుపెట్టిందంటే, జనం ముందే చేతులు కట్టుకుని నిలబడతారు, ఎలాగూ ఆగుతుంది కదా అని. పాట మంచి ఊపందుకోగానే చెయ్యెత్తి, "ఆగండాగండి, తీగ జారింది" అంటాడు. గిటారు మర తిప్పి, "మళ్ళీ మొదట్నుంచి" అంటాడు.

పెళ్ళికూతురికి గిన్నెలిచ్చే ఆడవాళ్ళ వేడుకలో, మేనత్తలంతా నడుములు ఊపుతుండగా ఆపేశాడు. ఊపు సగంలో చిక్కుకున్న ఒక పెద్దత్త, "ఒరే, నీ తీగ సరే, నా నడుం ఎవడు సరిచేస్తాడ్రా?" అంది.

బాణీలు కబాసోవి, మాటలు చెల్లెలు ముతాలేవి. పాడేదీ ఆమే. వేదిక మెట్లెక్కుతూ కూడా మాటలు మారుస్తూనే ఉంటుంది. అన్న ఆపినప్పుడల్లా ఊరంతా వినేలా తిట్టేది.

ఆ ఏడు గని మైదానంలో పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళ పాటలు రాజధాని లుసాకాలో రికార్డు చేస్తారు. మధ్యలో ఆపితే మాత్రం ఇంటికే.

"అన్నయ్యా, తీగ కాదు, గిటారే తగలబడినా ఆపకు. అమ్మమ్మ మీద ఒట్టెయ్యి."

"ఒట్టు."

పోటీలో రెండో చరణం దగ్గర ముతాలే గొంతు మూగబోయింది. పొద్దున మార్చిన మాటలు రావు, పాతవీ గుర్తులేవు. అన్న చెయ్యి లేస్తే బాగుండునని జీవితంలో మొదటిసారి అనుకుంది. లేవలేదు.

కబాసో మైకు మీదికి వంగి తానే అందుకున్నాడు. వానలో తడిసిన మేక గొంతు. మాటలు మాత్రం చెల్లెలు ఎన్నడో రాసి కొట్టేసినవి, ఒక్కటీ పొల్లుపోలేదు. మైదానం గొల్లున నవ్వింది, నవ్వుతూనే గొంతు కలిపింది. చివరి పల్లవికి ముతాలే అందుకునేసరికి ఆడవాళ్ళు సంతోషంతో నాలుక ఆడిస్తూ వేసిన ఉలూలు కేకలు గని గేటు దాకా వెళ్ళాయి. గెలుపు వాళ్ళదే.

వేదిక వెనక డ్రమ్ములు వాయించే చిలుఫ్య అన్నాడు: "మాట మర్చిపోతే నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది లేచినప్పుడల్లా వీడి తీగ జారుతుంది. నీకింకా తెలీదా?"

ముతాలే అన్న వైపు తిరిగింది. "మరి ఇన్నేళ్ళూ నా తిట్లు ఎందుకు పడ్డావు?"

"తిట్టేటప్పుడు నువ్వు ఒక్క మాటా మర్చిపోవు కదా," అన్నాడు కబాసో.

బయట జనం మళ్ళీ పాడమంటున్నారు. కానీ వాళ్ళకు కావాల్సింది ముతాలే కాదట, రెండో చరణం పాడినవాడట. కబాసో డ్రమ్ముల వెనక్కి నక్కబోయాడు. ముతాలే అతని చొక్కా పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళింది.