సున్నం నీళ్ళు

పదిహేడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఎవరికి చెప్పుకోవాలా అని ఆలోచించిన ప్రతిసారీ, చెప్పవలసిన మనిషే ముందు గుర్తొస్తుంది. ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నా స్నేహితురాలు కమిలి కుడికన్ను పోవడానికి కారణం నేను. చిన్నతనపు ఆటలో ఏదో జరిగిపోయిందని నాకు నేను ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. అది కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఆ తర్వాత నేను చేసింది ఆట కాదు.

మేము పాల్వంచ కరెంటు కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చినవాడు, టర్బైన్ల దగ్గర ఆపరేటరు. మా వెనక వరుసలో చిన్న క్వార్టర్లు. వాటిలో ఒకటి కమిలి వాళ్ళది. ఆమె నాన్న లాల్యా బొగ్గు దించే చోట కలాసీ. వాళ్ళది అడవి అంచున ఉన్న తండా. డ్యూటీకి దగ్గరగా ఉంటుందని కాలనీకి వచ్చారు. కమిలీ నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ.

ఏడో తరగతి పరీక్షలయిన ఎండాకాలంలో మా మేనమామ హైదరాబాదు నుంచి నాకొక నీళ్ళ తుపాకి తెచ్చాడు. ఎర్రటి ప్లాస్టిక్కుది. ఒకసారి నింపితే ఇరవైసార్లు కొట్టొచ్చు. ట్రిగ్గరు నొక్కితే చాలు, టకటకా చిమ్మేది. వరుసలో పిల్లలందరూ చూడ్డానికి వచ్చారు. రెండు రోజులు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

మూడో రోజు కమిలి మా పెరట్లోకి వెదురు పిచికారీతో వచ్చింది. వాళ్ళ నాన్న చేసిచ్చాడట. మూరెడు గొట్టం, చివర కణుపుకి సన్నటి రంధ్రం, లోపల గుడ్డ చుట్టిన కర్ర. గుడ్డ బాగా జారాలని దానికి గ్రీజు పట్టించాడు. బకెట్లో ముంచి కర్ర వెనక్కి లాగితే నీళ్ళు నిండేవి, ముందుకు తోస్తే చిమ్మేవి.

పోటీ పెట్టాం. బట్టలుతికే బండ దగ్గర నిలబడి కొట్టాలి. పక్క క్వార్టరు వాళ్ళు హోలీకి వాడే ఇత్తడి పిచికారీ కూడా అడిగి తెచ్చాం. అది పెరటి చివరి జామచెట్టు దాకా కొట్టేది, కానీ మా చేతులకు బరువు. నింపుకునేలోపల ఎదుటివాళ్ళు మనల్ని తడిపేసేవాళ్ళు. నా తుపాకి ధార చెట్టుకు సగం దూరంలోనే వంగి మట్టిలో పడింది. వెదురు పిచికారీ ధార చెట్టు దాటి వెళ్ళి వెనక గోడకు ఫట్మని తగిలింది.

"నీది మాటిమాటికీ నింపుకోవాలి కదా," అన్నాను.

"నింపుకుంటనే. ఒక్కటి తగిలితే సాలదా?" అని నవ్వింది కమిలి.

ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. వారం రోజులు రోజూ ఓడిపోయాను. రోజూ తడిసిపోయాను. కలాసీ కూతురు, ఇంట్లో చేసిన గొట్టంతో, హైదరాబాదు తుపాకి ఉన్న నన్ను ఓడించడమేమిటి? ఈ మాటలు అప్పుడు ఇంత స్పష్టంగా అనుకున్నానా? అనుకున్నాననే నా నమ్మకం. పన్నెండేళ్ళ పిల్లకు అలాంటివి తెలియవని మీరంటే నేను ఒప్పుకోను. నాకు తెలుసు.

ఆ వారం క్వార్టర్లకు సున్నాలు వేస్తున్నారు. మా పెరటి మూల డ్రమ్ములో సున్నం తడిపి పెట్టి పనివాళ్ళు అన్నానికి వెళ్ళారు. కమిలి ఆవేళ కొత్త పచ్చలంగా వేసుకొచ్చింది. దాని మీద తెల్లమరకలు పడితే చాలనుకున్నాను. పైన తేరిన నీళ్ళకు మరక పడదని కట్టెతో అడుగునుంచి కలిపి మరీ తుపాకిలో పోశాను. సున్నం ఒంటి మీద పడితే మండుతుందని తెలుసు. పనివాళ్ళ చేతులు చూశాను.

కమిలి బండ చాటున కూర్చుని, పిచికారీ ఎత్తి, గురి చూస్తోంది. నేను దగ్గరికి పరుగెత్తి ట్రిగ్గరు నొక్కాను. లంగాకేసే కొట్టాను. ఆమె అప్పుడే కర్ర తోస్తూ తల ముందుకు వంచింది.

ఆ కేక గురించి రాయలేను.

రాయాల్సింది తర్వాతి సంగతి. కుళాయి పొద్దున్నే కట్టేసేవారు. పెరట్లో ఒక్క బకెట్టులో అడుగున కాసిని నీళ్ళున్నాయి. కమిలి కింద కూర్చుని, "కన్ను మండుతుందే, నీళ్ళు పొయ్యే," అంటోంది. నేను ఆ నీళ్ళతో ముందు తుపాకి కడిగాను. లోపల తెల్లదనం పోయేదాకా రెండుసార్లు కడిగాను. మిగిలిన తడితో ఆమె చెంప మీది సున్నం తుడిచాను. చెంప. కన్ను కాదు. అప్పుడు అమ్మను పిలిచాను.

అంత భయంలో అంత వరసగా ఎలా చేయగలిగాను? చేతులకు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న వేసుకోని వారం లేదు. దొరికే జవాబు ఒకటే. ఎవరూ చెప్పలేదు. నేనే.

అమ్మ అడిగితే, పిచికారీ కర్ర గట్టిగా తోస్తే నీళ్ళు వెనక్కి చిమ్మి తన కంట్లోనే పడ్డాయని చెప్పాను. కమిలికి ఏం పడిందో, ఎటునుంచి పడిందో తెలియదు. కళ్ళు తెరవలేని పిల్ల ఏం చెబుతుంది? బట్టల మీద సున్నం కనిపించినా ఎవరూ పట్టించుకోలేదు. ఆ వారం అందరి బట్టలకూ గోడల సున్నమే.

దవాఖానాలో డాక్టరు టార్చి వేసి చూసి, నావైపు తిరిగాడు.

"నువ్వు పక్కనే ఉన్నావా అమ్మా? కంట్లో ఏం పడింది? సున్నం గానీ, మందు గానీ పడిందా?"

"లేదండీ. నీళ్ళే."

"వట్టి నీళ్ళేనా? బాగా గుర్తు తెచ్చుకో."

"వాళ్ళ నాన్న పిచికారీకి గ్రీజు పూశాడు," అన్నాను.

ఆ రెండో మాట నన్నెవరూ అడగలేదు. అదే నా పాపం. ఒకవేళ నిజం చెప్పి ఉంటే కన్ను దక్కేదా? తెలియదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి మర్నాడయింది. ఏదో ఘాటైనది పడి కాలిందని అక్కడ చెప్పారు. నల్లగుడ్డు మీద తెల్లటి పొర వచ్చి అలాగే ఉండిపోయింది.

పదిహేను రోజులకు లాల్యా మా ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి నాన్నతో, "మీ పాప తప్పేం లేదు సారూ. మిషను గ్రీజు తెచ్చి పూసింది నేను. నా చేతులతోటే నా బిడ్డ కన్ను తీసిన," అన్నాడు. నా తల నిమిరి, "బయపడకు బిడ్డా," అన్నాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఇంకొక్క నిమిషం ఉంటే చెప్పేసేదాన్నేమో. ఈ 'ఏమో'తో ఎన్నాళ్ళు బతికానో. ఆయన వెళ్ళిపోయాడు. నేను చెప్పలేదు.

అంతకుముందు ఆయన చేతిలో ఎప్పుడూ కత్తీ, వెదురు బద్దా ఉండేవి. బుట్టలు అల్లేవాడు, పిల్లలకు ఈలలు చేసిచ్చేవాడు. ఆ తర్వాత వెదురు ముట్టలేదు.

కమిలి నన్ను వదల్లేదు. నేను కుడివైపు కూర్చుంటే కనిపించనని ఎప్పుడూ ఎడమవైపు చోటు చూపించేది. చదువుకుంది. ఇప్పుడు భద్రాచలం దగ్గర బళ్ళో టీచరు. ఇద్దరు పిల్లలు. నా పెళ్ళిలో అందరికంటే ఎక్కువ పని చేసింది తనే.

మొన్న లాల్యా పోయాడు. దినానికి వెళ్ళాను. కమిలి నా పక్కన కూర్చుని నెమ్మదిగా, "నాయిన సచ్చేదాక నా మొఖం నిండ చూడలే తెలుసా. పక్కకు చూసుకుంట మాట్లాడేటోడు. కోపం లేదు నాయినా అని ఎన్నిసార్లు చెప్పిన. ఇనలే," అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతే. ఏం మనిషిని నేను? ఆ మాట విని బాగుపడగల ఒక్క మనిషీ మట్టిలో కలిశాక కూడా నోరు తెరవలేదు.

కమిలికి చెబుతానా? చెబితే ఆమెకేం ఒరుగుతుంది, ఉన్న ఒక్క స్నేహమూ పోవడం తప్ప అని అనిపిస్తుంది. వెంటనే, ఇదంతా ఆమె మీద జాలా, నా మీద నాకున్న జాలా అనిపిస్తుంది. చెప్పడానికి భద్రాచలం బస్సు ఎక్కుతానని మాటివ్వలేను. నన్ను క్షమించమని మిమ్మల్నీ అడగను. క్షమించడానికి మీరెవరు?

ఇన్నేళ్ళూ నాలో నేను అనుకునేటప్పుడు కూడా 'కమిలి కన్ను పోయింది' అనే అనుకున్నాను. దానంతటదే పోయినట్టు. ఇవాళ సరిగ్గా రాస్తున్నాను. కమిలి కన్ను నేను పోగొట్టాను. లాల్యా ఏ తప్పూ చేయలేదు.

రాసింది ఒకసారి పైకి చదివాను. ఇంట్లో ఎవరూ లేరు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఊపిరి కాస్త నిండుగా అందింది.