తగలని మట్టిగడ్డలు

హిందూపురంలో ఎక్కిన ప్యాసింజరు రైలు పెనుకొండ దాటినా నా చేతిలో కాగితం అట్లాగే ఉంది. అది నాయన తల్లి, మా అవ్వ, మరణ ధ్రువపత్రం నకలు. చావుకు కారణం అన్నచోట ‘థైసిస్’ అని ఉంది. ఫోన్‌లో వెతికితే, అది క్షయకు వెనకటి డాక్టర్లు రాసిన పేరని తెలిసింది.

ఎదురు సీట్లో కూర్చున్న పెద్దామె, “ఏమప్పా, అంతసేపు చూస్తాండావు, ఏముండాది దాంట్లో?” అని అడిగింది.

ఇంట్లో చెప్పుకోను ఎవరూ లేరు గనక ఆమెకే చెప్పాను. చివరి రోజుల్లో అవ్వను గొడ్లపాకలో వేరుగా ఉంచారట. నాయనకు అప్పుడు అయిదారేళ్ళు. “దగ్గరికి పోతే మట్టిగడ్డలు విసిరేది. నేనంటే మా అమ్మకు గిట్టేది కాదు” అని ముసలితనంలో కూడా అనేవాడు. పోయినేడు ఆయనా పోయాడు. ఆ ఒక్క సంగతి మాత్రం ఆమె ముందర నా నోట రాలేదు.

పెద్దామె, “ఒగ గడ్డన్నా తగిలిందంటనా?” అంది.

ఎంత గుర్తు చేసుకున్నా, విసిరిందనే గానీ తగిలిందని నాయన అన్నట్టు లేదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

“జొన్నచేలో గడ్డలు ఇసిరి పిట్టల్ని తోలినోళ్ళమప్పా మేము. తగలాలనుకుంటే తగుల్తాది.”

ధర్మవరంలో దిగేటప్పుడు ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, “ఇంటికి పోతానే మీ నాయనకు చెప్పు” అంది.

“చెప్తానమ్మా” అన్నాను.