మేడ్చల్ ఆర్కెస్ట్రాకు శ్రుతి ఇచ్చిన పీక

1997 జూన్‌లో మా పోలీసు బెటాలియన్ కమాండెంటు నాకొక అదనపు పని అప్పగించారు. అప్పటికి నేను సబ్‌ఇన్‌స్పెక్టరు హోదాలో బ్యాండ్ మాస్టరుని. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో కొందరు సంగీతాభిమానులు సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టాలనుకున్నారు. ప్రతి ఆదివారం వెళ్లి వాళ్లకు శిక్షణ ఇవ్వాలి. చర్చి వయొలిన్లు, పెళ్లి బ్యాండ్ల ట్రంపెట్లు, మా దగ్గర రిటైరైన డ్రమ్ములవాళ్లు కలిపి నలభై మంది తేలారు.

ఎనిమిది నెలల సాధన తర్వాత మేడ్చల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో తొలి కచేరీ పెట్టుకున్నాం. సాయంత్రం ఆరింటికి మొదలు. మూడింటికి స్టెల్లా టీచర్ ఏడుపు మొహంతో వచ్చింది. నాగారం బడిలో లెక్కలు చెప్పే ఆమె మా ఏకైక ఓబో వాద్యకారిణి. ఓబో సన్నాయికి విలాయతీ చుట్టం. రెండు రెల్లు పలుకులు కట్టిన పీకతో మోగుతుంది. ఆర్కెస్ట్రాలో ముందు ఓబో ఒక స్వరం పలికితే, మిగతా అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. ఆ పీక చీలిపోయింది. మిగిలిన ఒక్కటీ కొత్తది, బిరుసుగా ఉండి గాలికి లొంగడం లేదు.

పొద్దున అదే హాల్లో పెళ్లికి సన్నాయి వాయించిన అత్వెల్లి ఊరి మల్లయ్య, మా వాద్యాలు చూద్దామని ఆగి ఉన్నాడు. పీక చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"గిది మా సన్నాయి పీక లెక్కనే ఉంది సారూ. జర మందమున్నది. ఒక బ్లేడియ్యుండ్రి."

స్టెల్లా టీచర్ భయపడింది. "ఉన్నది ఇదొక్కటే. పాడైతే ఎట్ల?"

"ఇట్లనే ఉంచినా మీరు ఊదలేరు గదమ్మా!"

నేను శ్రుతిదండం మోగించాను. తట్టగానే ఎప్పుడూ ఒకే స్వరం పలికే ఇనుప కడ్డీ అది. మల్లయ్య ఒక్కసారి విన్నాడు. తర్వాత గంటన్నర సేపు గీకాడు, ఊదాడు, మళ్లీ గీకాడు. చివరికి శ్రుతి కాస్త కిందికి జారిందని కొసను వెంట్రుకంత కోశాడు.

స్టెల్లా టీచర్ ఊదింది. నేను శ్రుతిదండాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. రెండు స్వరాల మధ్య ఏ కొంచెం తేడా ఉన్నా శబ్దం అలలా ఊగుతుంది. ఊగలేదు. నోటేషన్ ఒక్క అక్షరం చదవని మనిషి, కడ్డీని ఒక్కసారి విని, అంతసేపూ ఆ స్వరాన్ని తలలో నిలుపుకున్నాడు.

ఆరింటికి ఓబో పలికింది. వయొలిన్లు, ఆపైన ట్రంపెట్లు ఒక్కొక్కటే వచ్చి ఆ స్వరంలో కలిశాయి. ప్రేక్షకుల మొదటి వరుసలో మల్లయ్య లేచి నిలబడ్డాడు. కచేరీ అయ్యాక నాతో అన్నాడు: "అన్ని వాద్యాలు ఒక్క గొంతైతాంటే నాకు ఊపిరాడలే సారూ."

ఆ ఆర్కెస్ట్రా ఏడేళ్లు నడిచింది. స్టెల్లా టీచర్ అత్వెల్లి వెళ్లి పీక చెక్కడం నేర్చుకుంది. అంతవరకు నేను కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ముందు నోటేషన్ కాగితం ఇచ్చి చదవమనేవాణ్ణి. ఆ తర్వాత ముందు ఒక స్వరం వినిపించి, పది నిమిషాలు వేరే మాటల్లో పెట్టి, దాన్ని మళ్లీ పాడమనేవాణ్ణి. కాగితం చదవడం ఏడాదిలో నేర్పగలను. రెండోది నేర్పే పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు.