అంచుతోపాటు కోసేసిన పేరు

2015లో నేను మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో పనిచేసేవాణ్ణి. ఓ రోజు దగ్గర్లోని కంపెనీ ఆఫీసు నుంచి పన్నెండు బొమ్మలు వచ్చాయి. విక్టోరియా రాణి కాలంనాటి పుస్తకంలోంచి చింపినవి. ఇంగ్లండు కోటలు, చర్చిలు, కప్పు కూలిన ఒక మఠం. అన్నీ ఉక్కు పలక మీద గీత గీతా చెక్కి అచ్చు వేసినవే.

భూతద్దం పెట్టి చూశాను. మఠం గోడ పగుళ్లలో మొలిచిన గడ్డి కూడా పోచ పోచా తెలుస్తోంది. మా నాన్న ఏలూరులో ప్రెస్సులకు చెక్క బ్లాకులు చెక్కేవాడు. ఒక మీసం తీర్చడానికి ఆయనకు పూటంతా పట్టేది. అందుకే ఆ గడ్డి చెక్కడానికి ఎన్ని రోజులు పట్టిందోనని లెక్కేశాను. బొమ్మ కింద ఎడమవైపు గీసినవాడి పేరు, కుడివైపు చెక్కినవాడి పేరు, చీమ తలకాయంత అక్షరాల్లో. రెండూ ఒకటే పేరు. పన్నెండింటి కిందా అదే.

భోంచేసి వచ్చేసరికి, షాపు చూసుకునే కడప అన్న నాలుగు బొమ్మల కింది అంచు కోసేశాడు.

“ఏంటన్నా ఈ పని? పేరు పోయింది కదా!”

“రెడీమేడ్ ఫ్రేములోకి పట్టల్యా. యాడో సచ్చిపోయినోని పేరు ఎవురు సదువుతారప్పా?”

“గీసిందీ చెక్కిందీ ఆయనే. చచ్చిపోతే కోసెయ్యడమేనా? మన రెసిడెంట్ కార్డు మీద పేరు కోసేస్తే ఊరుకుంటామా?”

నేనే ఆఫీసు మేనేజరుకి ఫోన్ చేశాను. సాయంత్రం వచ్చాడు. “తస్వీర్ అచ్ఛీ హై నా భాయ్, నామ్ కా క్యా కామ్?” అని, బొమ్మ బాగుంటే చాలు పేరెందుకన్నట్టు నవ్వాడు. పైగా ప్రతి ఫ్రేముకీ కంపెనీ పేరున్న ఇత్తడి రేకు బిగించమన్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది. కళ్లు పాడుచేసుకుని చెక్కిన మనిషికి తన బొమ్మ కింద బెత్తెడు చోటు లేదు, కొన్నవాళ్లకేమో ఇత్తడి రేకులు!

“మిగతా వాటిమీద కట్టర్ పెడితే నేను పని మానేస్తా” అన్నాను అన్నతో. ఆయన కట్టర్ పక్కన పెట్టేశాడు. చెత్తబుట్ట గుమ్మరించి వెతికితే మూడు అంచులు దొరికాయి. మఠం బొమ్మది దొరకలేదు. మూడు రోజులు డ్యూటీ అయ్యాక కూర్చుని, పన్నెండింటికీ పెద్ద ఫ్రేములు నేనే కట్టాను. మూడు అంచుల్నీ వాటి వాటి బొమ్మల కింద అతికించాను. నాలుగోదాని కింద ఆ పేరు పెన్సిల్‌తో రాశాను. రేకులు మాత్రం బిగించనన్నాను. అన్నే బిగించాడు.

ఆఫీసువాళ్లు వచ్చి పట్టుకెళ్లారు. రేకులు వంకర పోలేదు కదా అని రెండుసార్లు అడిగారు. పేరు వైపు ఒక్కరూ చూడలేదు.