పెత్రమాస నాటి మైదాకు

పూలమ్మ పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త సాయన్న స్టేషన్‌లో మూటలు మోసేవాడు. ఆమె ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళ గోళ్ళకు మైదాకు, అదే గోరింటాకు, పెట్టేది. అందరిలా ముద్ద అద్ది వదిలేసేది కాదు. మైనం కరిగించి, చీపురు పుల్ల కొనతో గోటి మీద చిన్న పువ్వు వేసి, దాని మీద ఆకు ముద్ద పెట్టేది. ఎండాక మైనం గీకేస్తే గోరంతా ఎర్రబడి, నడుమ పువ్వు మాత్రం తెల్లగా మిగిలేది. బతుకమ్మ రోజులొస్తే తంగేడు, గునుగు, బంతి, ఏ పువ్వు కావాలంటే అది. అప్పుడు అబిడ్స్ నుంచి గౌలిగూడ దాకా ఆమెకు తీరిక దొరికేది కాదు.

పనిలో కూర్చుంటే తల ఎత్తేది కాదు. మొహాలు చూడకుండానే, చెయ్యి పట్టుకుని ఫలానా ఇంటి కోడలని చెప్పేసేది.

తపాలా ఆఫీసులో గుమాస్తా జనార్దన్ ఇల్లు నాంపల్లిలోనే. ఆయన కూతురు నర్మదకు పూలమ్మ అంటే ప్రాణం. అయితే ఆ పిల్ల ఎడమ చేతి చిటికెన వేలు మాత్రం ఎప్పుడూ ఇచ్చేది కాదు. గుప్పిట్లో దాచుకునేది. ఎందుకని అడిగితే, "ముక్కు గోకనీకి ఒక్క వేలన్న ఉండాలె గద పూలవ్వా" అనేది. తల్లి విద్యావతి ఎంత కసిరినా వినేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందటి ఏడు, ఎండాకాలంలో జ్వరం వచ్చి నర్మద చనిపోయింది. పద్నాలుగేళ్ళయినా నిండలేదు.

ఆ ఏడు వాళ్ళింట్లో బతుకమ్మ లేదు. అయినా పెత్రమాస నాడు ఒకసారి వచ్చి పొమ్మని విద్యావతి కబురు పంపింది. పోయినవాళ్ళ పేరు మీద బియ్యం, కూరగాయలు దానమిచ్చే అమావాస్య అది. బిడ్డకు ఇష్టమైన పువ్వులే తన గోళ్ళకు వేయించుకోవాలని ఆమె కోరిక.

పూలమ్మ మధ్యాహ్నం వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. తెలిసిన ఇల్లే కాబట్టి లోపలి వసారాలో చాప పరిచి, కుంపటి మీద మైనం పెట్టి, గిన్నెలో ముద్ద కలుపుతూ కూర్చుంది. బయట మబ్బు పట్టి ఇల్లంతా మసకగా ఉంది. కాసేపటికి పరదా కదిలింది. ఎవరో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. పసుపుపచ్చ బట్ట అంచు కనిపించింది. కుడి చెయ్యి ముందుకు వచ్చింది.

చెయ్యి సన్నగా, చల్లగా ఉంది. దుఃఖంతో మనిషి చిక్కిపోయిందనుకుంది పూలమ్మ. ఇది పెద్దామె చెయ్యి కాదని వేళ్ళకు తెలుస్తూనే ఉంది. మనసు మాత్రం ఆ మాట దగ్గరికి పోలేదు. ఊరి సంగతులు చెప్పింది, మనసు గట్టి చేసుకొమ్మన్నది. ఎప్పుడూ ఆరేదాకా ఊదుతూ ఉండాల్సిన మైనం ఆవేళ గోటికి తగలగానే గడ్డకట్టింది. ఎడమ చేతికి నాలుగు వేళ్ళూ అయ్యాక చిటికెన వేలు ముడుచుకుంది. విప్పబోయింది. రాలేదు.

అప్పుడు వీధి తలుపు చప్పుడైంది.

"జర ఆలస్యమైంది పూలమ్మా. గుడి కాడ అయ్యగారు తొందరగ దొరకలే. ఆకు నూరినవా?"

పూలమ్మ తల తిప్పింది. ఖాళీ పళ్ళెం పట్టుకుని విద్యావతి గడపలో నిలబడి ఉంది. మళ్ళీ ఇటు చూస్తే చాప మీద ఎవరూ లేరు. నిండుగా తెచ్చిన గిన్నెలో ముద్ద అడుగంటింది.

విద్యావతి గిన్నెను చూసింది, చాపను చూసింది. ఎవరికి పెట్టావని గాని, ఎవరొచ్చారని గాని అడగలేదు. మెల్లగా అన్నది.

"ఏ వేలు ఇయ్యలే?"

"ఎడమ చేతి చిటికెన వేలమ్మా."

విద్యావతి పళ్ళెం కింద పెట్టి చాప మీద కూర్చుంది. ఎడమ చెయ్యి చాపింది. "గట్లయితే నాకు గా ఒక్క వేలికి పెట్టు" అన్నది. గిన్నెలో మిగిలిన ముద్ద సరిగ్గా దానికి సరిపోయింది. ఈసారి మైనం ఎప్పటిలాగే నెమ్మదిగా ఆరింది.

మరుసటి పెత్రమాసకు విద్యావతి మళ్ళీ పిలిచింది. రెండు గిన్నెల ఆకు నూరించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎదురుగా చాప ఖాళీగా ఉంచి, ముద్ద అంచులు ఎండిపోయేదాకా చూశారు. ఎవరూ రాలేదు. దీపాలు పెట్టే వేళకు విద్యావతి తన రెండు చేతులూ ఇచ్చి, ఏ పువ్వులు వేస్తావో నీ ఇష్టమన్నది.

తరువాత జనార్దన్‌కు బదిలీ అయి వాళ్ళు ఊరు విడిచిపోయారు. అబిడ్స్ దుకాణాల్లో గోళ్ళ రంగు సీసాలు వచ్చాక పూలమ్మను పిలిచేవాళ్ళూ తగ్గారు. ఆమె స్టేషన్ ముందర పూలు అమ్ముకుంది. ఎప్పుడైనా ఎవరైనా మైదాకుకు పిలిస్తే, ముందు మొహం చూసి, పేరు అడిగి, అప్పుడే చెయ్యి పట్టుకునేది.

కోడలు విమల ఒకసారి, అప్పటి భయం ఇంకా పోలేదా అని అడిగింది. పూలమ్మ బంతిపూలు గుచ్చుతూనే చెప్పింది.

"భయం గాదు బిడ్డా. నర్మద చెయ్యి అని అప్పుడే తెలిసుంటే, ఇంకింత సేపు పట్టుకుందును."