బందరు రేవుకు ఉతికి తీసుకెళ్లిన రుమాళ్లు

ఓడలు చూపిస్తానని మా మామగారు నన్ను బందరు తీసుకెళ్లారు. యుద్ధం అయిపోయిన ఏడాది అది. నాకు పదిహేడేళ్లు, కాపురానికొచ్చి పది నెలలు. సముద్రం చూడలేదని మావారి దగ్గర రోజూ సణుగుతుంటే గోడవతల మామగారికి వినపడింది. ఎలాగూ సరుకుతో వెళ్తున్నాను కదా, పిల్లని వాళ్ల మేనత్త ఇంట్లో దింపి నాలుగు రోజులు ఊరు చూపిస్తానన్నారు.

సరుకంటే రుమాళ్లు. మా పుట్టింట్లోనూ మగ్గాలే గానీ మేం నేసేది చీరలు. అత్తారింట్లో నూలుని నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, ఎర్రరంగు ఎక్కించి, గళ్ల రుమాళ్లు నేసేవాళ్లు. అవి బందరు నుంచి అరబ్బు దేశాలకు పోయేవి. అక్కడివాళ్లు తలకు చుట్టుకుంటారట. యుద్ధంలో ఓడల్లేక మా నాలుగు మగ్గాల్లో మూడు మూలపడ్డాయి. ఇప్పుడు మళ్లీ ఓడ వస్తోందని మా సరుకు కొని ఓడెక్కించే బందరు సాయిబుగారు కబురు పెట్టారు. ఈ మూట ఓడెక్కితే నాలుగు మగ్గాలూ ఆడతాయి.

ఆ రుమాళ్ల వాసన మాత్రం నాకు పడేది కాదు. గానుగలో కాపురం పెట్టినట్టుండేది. ఇంట్లో మగవాళ్లకి అదొక వాసనని కూడా తెలియదు, పుట్టిందగ్గర్నుంచీ అందులోనే ఉన్నారు కనక.

బెజవాడలో పడవెక్కాం. మూట నా పక్కనే పెట్టుకున్నాను. ఎదురుగా కూచున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఈ కంపేమిటమ్మా అని అందరికీ వినపడేలా అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సముద్రాలు దాటి పోయే సరుకు ఇలా కంపు కొడితే ఎవరు కొంటారనిపించింది.

పామర్రు దగ్గర ధాన్యం ఎత్తాలని పడవ రోజంతా ఆపేశారు. మామగారు ఊళ్లో చుట్టాల్ని చూసొస్తానని వెళ్లారు. నేను ఊరుకుంటేగా! కుంకుడుకాయలు, చవుడు మన్ను సంపాదించి కాలవ గట్టున మూట విప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు ఉతికాను. నేతింటి పిల్లని, బట్ట ఉతకడం నాకొకళ్లు నేర్పాలా? మాఘమాసపు ఎండకి మధ్యాహ్నానికల్లా ఆరాయి. పడవవాళ్లనడిగి ఇత్తడి చెంబులో నిప్పులు పోసుకుని మడతలు తీర్చాను. వాసన పోయింది, రంగు ఇసుమంత కూడా దిగలేదు. మూట ఎప్పట్లా కట్టేసి, మామగారికి చెప్పకుండా ఊరుకున్నాను. సాయిబుగారు మెచ్చుకున్నాక చెప్పి గొప్పలు పోదామని నా ఆశ.

బందరు చూసి తెల్లబోయాను. దేశదేశాలవాళ్లు వచ్చి కోటలు కట్టుకున్న రేవని ఎంత చెప్పారు! కోట గోడలు సగం కూలిపోయి లోపల మేకలు మేస్తున్నాయి. తెల్లవాళ్ల సమాధుల మీద ఎవరో పిడకలు ఆరేశారు. రేవులో మోకాలిలోతు బురద. ఓడేదండీ అంటే మామగారు చెయ్యెత్తి చూపించారు. సముద్రం అంచున చీమ తలకాయంత చుక్క. ఇక్కడ మెరకట, ఓడ ఒడ్డుకి రాదట, సరుకు చిన్న పడవల్లో అక్కడికి మొయ్యాలట. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సాయిబుగారి కొట్టు రేవు పక్కనే. ముసలాయన, చూపు సరిగ్గా ఆనదు. మూట గుమ్మం దాటగానే తలెత్తారు. ఇన్నేళ్లూ విప్పకుండా ఓడెక్కించిన మూటని ఆవేళ విప్పమన్నారు. మామగారు విప్పి, ఇస్త్రీ మడతలు చూసి, మెల్లిగా నా వైపు తిరిగారు. సాయిబుగారు ఒక రుమాలు తీసి ముక్కుకి ఆనించుకున్నారు. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"అక్కడివాళ్లు వాసన చూసి కొంటారండీ," అన్నారు. "నూనె వాసన లేకపోతే మిల్లుగుడ్డ అని విసిరి కొడతారు. ఎవరుతికారు వీటిని?"

మూడు మగ్గాలు, ఇంటిల్లిపాది ఆశ, అన్నీ నా చేతులతోనే కాలవలో కలిపేశాను. నేనండీ అనాలి.

"నేనే ఉతికించానండీ," అన్నారు మామగారు. "వయసు మీదపడింది, బుద్ధి గడ్డి తింది."

సాయిబుగారు చేతిలో రుమాలు తిరిగి మూటలో పెట్టేశారు. ఇకమీదట మీ మూటలు కూడా విప్పి చూడాలన్నమాట అని మాత్రం అన్నారు. ఆ మాటకి మామగారు తల దించుకున్నారు. అంత పెద్దమనిషి తల దించుకోవడం చూసి కూడా నేను నోరు విప్పలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

మూట మోసుకుని బయటికొచ్చాం. బురద ఒడ్డున నిలబడి, ఆయన తిడతారని, కనీసం ఎందుకు చేశావని అడుగుతారని చూశాను. ఆయన ఒక రుమాలు తీసి ఎండకెత్తి, అంచు నుంచి అంచు దాకా చూశారు.

"ఎక్కడా రంగు దిగలేదు. బాగా ఉతికావమ్మా," అన్నారు.

దాన్ని తలకి చుట్టుకున్నారు. మా ఇంట్లో ఆ రుమాలు ఎవరూ చుట్టుకునేవాళ్లు కాదు, అది ఓడెక్కాల్సిన సరుకు.